సీసాలో మొలిచిన విభూతి

ఆస్పిరిన్ మాత్ర విభూతిగా మారడం నేను కళ్ళారా చూశాను. పంతొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. గోడలకు కూడా చెమట పట్టే శ్రావణమాసం. శ్రీకాకుళానికి పది మైళ్ళ దూరంలో ఉన్న మా అక్క అత్తవారి ఊరు.

అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు, మణికట్లు వాచి, జ్వరంతో మంచం పట్టింది. ఈ జ్వరం కీళ్ళతో ఆగదు, గుండెకు సోకుతుంది, పూటపూటా మాత్ర పడాల్సిందేనని శ్రీకాకుళం డాక్టరు పెద్ద సీసా ఇప్పించాడు. పిల్ల లేచి నడిచింది. నెల తిరక్కుండా మళ్ళీ వాపులు వచ్చాయనీ, మాత్ర వేస్తే కడుపులో మంటని ఏడుస్తోందనీ అక్క కార్డు రాసింది. విజయనగరంలో మొదటి బస్సు ఎక్కి వెళ్ళాను.

ఇంటి ముందు పాతిక జతల చెప్పులు కనబడ్డాయి. పరుగున గుమ్మం ఎక్కాను. లోపల ఏడుపులు లేవు. హారతి ఇస్తున్నారు.

దేవుడి గూట్లో, ఆరనివ్వని దీపం పక్కన, మందుసీసా. దానికి పసుపు రాసి మూడు బొట్లు పెట్టారు. మూత లేదు. మాత్రల మీదా, సీసా మెడ లోపలా తెల్లటి సన్నని సూదులు నూగులా మొలిచి మెరుస్తున్నాయి.

"ముట్టుకోకురా! సామి ఇబూది పుట్టినాది" అంది అక్క అత్తగారు.

"మూతేది అత్తా?"

"మూతుంటే సామి సూపు లోపలికెలాగెల్తాది? నానే తీసినాను."

"మరి సీసాలో దూది?"

"ఒత్తులు సేసినాను. అంత మంచి దూది పొందూర్లో కూడా దొరకదురా!"

ఆపైన రోజూ పూజయ్యాక మూడు చుక్కల తీర్థం సీసాలో పోసేదట. పక్కన దీపం వేడి, లోపల తీర్థం తడి, చుట్టూ శ్రావణం. ఒక మందును చంపడానికి ఇంత శ్రద్ధగా ఎవరూ ఏర్పాట్లు చేయలేరు. వేడీ తేమా కలిసి తగిలితే ఆస్పిరిన్ విడిపోతుంది. అందులోంచి పుల్లటి వాసన లేస్తుంది. మిగిలిన ఆమ్లం సూదుల్లాంటి స్ఫటికాలై మాత్ర మీదా గాజు మీదా పేరుకుంటుంది. అది పొట్టలో పడితే మంట. పిల్ల ఏడ్చింది అందుకే.

అక్షరం రాని ఆ ముసలమ్మ మీద నాకు కోపం రాలేదు. నా ఏవగింపంతా గూటి పక్కన నిలబడ్డ మనిషి మీద. హైస్కూల్లో సైన్సు చెప్పే మేష్టారు. బోర్డు మీద ఉప్పు స్ఫటికం బొమ్మ గీసే చేత్తోనే ఆ సూదుల్ని గీకి, చిటికెడు చొప్పున జనానికి పంచుతున్నాడు. సూదులన్నీ విగ్రహం వైపే తిరిగి ఉన్నాయని వివరణ కూడా.

"అది స్ఫటికం, మేష్టారూ. మీరే కదా పిల్లలకి చెప్తారు."

"అది బడి, బాబూ. అక్కడి పాఠం దేవుడి గూట్లో సెప్తే ఎలాగ?"

నాకు అంతకంటే ఆహ్వానం అక్కర్లేదు. సీసా తీసుకుని అరుగెక్కాను. అందరి ముక్కుల దగ్గరా తిప్పాను. "ఒలమ్మో, పులిసిపోయిన కల్లు కంపురా ఇది!" అన్నాడొక రైతు. జనం ఘొల్లుమన్నారు. మేష్టారు శ్లోకం ఎత్తుకున్నాడు. అర్థం అడిగితే ఆయనకు దగ్గొచ్చింది. నేను వదల్లేదు. వాయువు నుంచి మొదలుపెట్టి వైతరణి దాకా వాదించాను. మధ్యాహ్నం దాటాక ఆయన, వాన లేకపోయినా గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. సీసాను పెంటకుప్ప మీద బోర్లించి నేను లోపలికి వచ్చాను.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "అయిపోనాదా సభ?"

"నెగ్గానక్కా."

"నెగ్గినావులే. పిల్లకి ఇప్పుడు మాత్రేటెయ్యమంటావు? నువ్వక్కడ సేతులూపుతుండగానే శ్రీకాకుళం ఆఖరి బస్సెల్లిపోనాది."

వెనక మంచం మీద పిల్ల మోకాళ్ళు పట్టుకుని మూలుగుతోంది. ఇంతసేపూ మూలుగుతూనే ఉంది కాబోలు. నాకు వినబడలేదు.

ఊళ్ళో నడిచే సైకిలు ఒక్కటే. అది మేష్టారిది.

వెళ్ళి అడిగాను. ఆయన అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. పక్కకి చూడకుండానే, "అదిగో, గోడకానుకునున్నాది. ఎనక సక్రంలో గాలి తక్కువ. నీకు గాలికి లోటేటి, ఊదుకో" అన్నాడు.

గాలి కొట్టుకుని తొక్కాను. బురదలో పది మైళ్ళు వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి కొత్త సీసాతో తిరిగొచ్చాను. ఆ మేష్టారంటే నాకున్న తిరస్కారం ఈనాటికీ వీసమెత్తు తగ్గలేదు. సైకిలు మాత్రం మంచిది.

పిల్లకి మాత్ర వేసి, అక్క సీసాకి దూది కుక్కి, మూత బిగించి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాని దీపానికి దూరంగా బియ్యం గదిలో అటక మీద పెట్టింది. వానలు వెనకబట్టేసరికి పిల్ల తన కాళ్ళ మీద బడికి వెళ్ళింది.

అటక మీద పెట్టే ముందు అక్క ఆ డబ్బా మూత మీద కుంకుమబొట్టు పెట్టింది. నా వైపు చూసింది. బొట్టు రేకు బయట ఉంది, మందు లోపల ఉంది. నేను పీట తెచ్చి అటక కింద వేశాను.