నడిమి గోడ

మంథనిలో మేము పదిమందిమి కలిసి పేదల ఇళ్లు బాగుచేయించే పని పెట్టుకున్నాం. సిమెంటు, ఇటుకలు, రేకులు మేమిస్తాం; మేస్త్రీ కింద కూలి పని ఇంటివాళ్లే చేసుకోవాలి. ఆ మంచి పనిలోనే నేనొక మనిషిని చావబాదాను.

బీడీలు చుట్టే ఒకామె వచ్చి, వానలకు మట్టిగోడ ఉబ్బిందనీ, పిల్లలు దాని పక్కనే పడుకుంటున్నారనీ ఏడ్చింది. భర్త దుబాయిలో ఉన్నాడు, ఆర్నెల్లుగా జీతం లేదు. మూడుసార్లు వెళ్లి చూశాం. అది అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు. గోడకు అవతల ఆమె బావ వాటా. రెండు వాటాల వాళ్లకూ మాటల్లేవు. మేము ఈవైపే చూసి, ఈవైపే ఫొటోలు తీసుకుని వచ్చేశాం.

గోడ కూల్చే రోజు పొద్దున్నే బావ గడ్డపారతో అడ్డం నిలబడ్డాడు.

"గోడ మీద చెయ్యేస్తే సంపుత! ఒక్కొక్కన్ని సంపుత!"

మేస్త్రీ నవ్వాడు. బావ ఎత్తిన గడ్డపార ఇటుకల కుప్ప మీద పడింది. ఇటుక పెంకు ఒకటి ఎగిరి పక్కనే నిలబడ్డ మరదలి కనుబొమ్మ చీరింది. మొహమంతా రక్తం.

నాకసలే ముక్కు మీద కోపం. బావ కాలర్ పట్టి లాగి చెవి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. కింద పడ్డాక కూడా తన్నాను. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు హాయిగానే ఉంది.

అతను చెవి మూసుకుని, "లోపట మా అవ్వ ఉన్నది సారూ" అన్నాడు.

అతని వాటాలోకి వెళ్లాను. ఇంటి కప్పు మోసే దూలం ఆ గోడ మీదే ఆని ఉంది. సరిగ్గా దాని కింద, మంచంలో, నడుం పడిపోయిన ముసలామె, అతని తల్లి. దూలం సంగతి మేస్త్రీ చూసుకుంటాడని, మా దగ్గరికొచ్చిన చిన్నకోడలు అనుకుంది. మేము చూసే ఉంటామని మేస్త్రీ అనుకున్నాడు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని అరిచాను. సిగ్గుతో అరిచాను.

"మా మరదలింటికి మూడుసార్లు వచ్చిండ్రు. నా గడప ఒక్కపారన్న తొక్కిండ్రా?"

దూలానికి మొద్దులు ఆనించి, రెండు వాటాలకూ కలిపి కొత్త గోడ కట్టించాం. ముసలామె ఆ దూలం కిందే ఉంది, క్షేమంగా.

అతను ఇప్పటికీ బస్టాండులో కనిపిస్తే నమస్తే పెడతాడు. నేను మాట మొదలుపెట్టగానే మొహం తిప్పి, రెండో చెవి నావైపు పెడతాడు.