సున్నుండలు తిన్న స్కాలర్‌షిప్ కమిటీ

ఒక్క డబ్బా సున్నుండలతో కాలేజీ కమిటీని మొత్తంగా రద్దు చేయించిన ఘనత బహ్రెయిన్‌లో నాకు తప్ప ఇంకొకరికి దక్కి ఉండదు. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ప్రాజెక్టు మార్కులు ఆలస్యంగా చేరడంతో నాకు రావాల్సిన పూర్తి మెరిట్ స్కాలర్‌షిప్ సగానికి తెగింది. కాలేజీ కమిటీకి అప్పీలు పెట్టుకున్నాను. మనామాలోని సీఫ్ ప్రాంతంలో ఒక ఆఫీసులో అకౌంటెంటుగా చేసే నాన్న తేల్చి చెప్పేశారు. "మిగతా సగం నా వల్ల కాదమ్మా. అప్పీలు నెగ్గితే సరే, లేకపోతే కాకినాడలో మీ పెద్దత్త దగ్గరుండి చదువుకో."

పెద్దత్త మంచిదే. కాకపోతే రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇంట్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. నేను పుట్టి పెరిగింది మనామాలో, స్నేహితులంతా ఇక్కడే. ఆ బీరువా తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

అప్పీలు విచారణ రోజు పొద్దున్నే అమ్మ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులూపుకుంటూ వెళ్తావేంటే? సున్నుండలు చేశా, పట్టుకెళ్ళు."

"అది కాలేజీ విచారణ, పేరంటం కాదు," అన్నారు నాన్న.

"మీకేం తెలీదు, మీరుండండి."

కాలేజీ దగ్గర దింపుతూ నాన్న, "కార్లో వదిలెయ్, సాయంత్రం ఇంటికి తెచ్చేస్తా," అన్నారు. ఆ ఎండలో సాయంత్రం దాకా ఉంటే నెయ్యంతా కారు సీట్లే తాగేస్తాయి. మనసొప్పక లోపలికి పట్టుకెళ్ళాను.

ఇక్కడ నా తెలివి పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఏదో ఒకటి పగులుతుంది. కమిటీకి ఇస్తే లంచం అనుకుంటారు, అదే బయట కూర్చున్నవాళ్ళకి పంచేస్తే అమ్మ మాట నిలుస్తుంది, డబ్బా ఖాళీ అవుతుంది! వరండాలో ముగ్గురు టీ తాగుతున్నారు. ఎవరో పిల్లల తల్లిదండ్రులనుకుని డబ్బా చాపాను. వాళ్ళేమో నేను కాలేజీ ఆఫీసులో కొత్తగా చేరి స్వీట్లు పంచుతున్నాననుకున్నారట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

"దేనితో చేశారు?" అని ఇంగ్లిషులో అడిగాడు తెల్ల గడ్డం పెద్దాయన.

"మినప్పిండి, బెల్లం, నెయ్యి. ఇంకోటి తీసుకోండి అంకుల్!"

ఆయన కాదనలేదు. కాసేపటికి నా పేరు పిలిచారు. లోపలికెళ్తే బల్లకి అవతల అదే ముగ్గురు! పెద్దాయన ఇంకా టిష్యూతో వేళ్ళ నెయ్యి తుడుచుకుంటున్నాడు.

"మనకి స్వీట్లు పెట్టింది అప్పీలు చేసిన అమ్మాయా?" అన్నాడు మెల్లగా.

కమిటీ సెక్రటరీ అమీనా మేడమ్ తలెత్తింది. "ఏం తిన్నారు? అప్పీలు చేసినవాళ్ళ దగ్గర ఏం తీసుకున్నా విచారణలో కూర్చోకూడదు."

"నేను ఒక్కటే," అంది పక్కనున్న లెక్చరర్.

"నేను సగమే," అన్నాడు మూడో ఆయన.

"నేను రెండు," అని ఒప్పేసుకున్నాడు పెద్దాయన.

"మేడమ్, అవి లంచం కాదు, సున్నుండలు!" అన్నాను.

"రూల్స్‌లో సున్నుండలకి మినహాయింపు లేదు. ఖలాస్! కొత్త కమిటీ వేసేదాకా ఆగాలి."

ఇంటికెళ్ళి చెప్తే నాన్న తల పట్టుకున్నారు. అమ్మ మాత్రం, "ముగ్గురూ తిన్నారా? ఎలా ఉన్నాయన్నారు?" అంది.

ఆ కొన్ని వారాలూ నిజంగానే భయపడ్డాను. కళ్ళు మూస్తే పెద్దత్త, ఆవిడ చేతిలో బీరువా తాళం. రెండో విచారణకి మంచినీళ్ళ సీసా కూడా లేకుండా వెళ్ళాను. కొత్తవాళ్ళు ముగ్గురూ మార్కులు సరిచూసి పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఎప్పుడూ గొంతు పెంచని నాన్న, ఫోన్లో చెప్పగానే ఆఫీసంతా వినబడేలా కేక వేశారు. ఆ కేక విని నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. మర్నాడు అమ్మ రెండు డబ్బాలు కట్టింది. "ఇప్పుడు తీర్పైపోయిందిగా, ఇంకేం లంచం?"

నాకూ న్యాయంగానే తోచింది. భవనమంతా తిరిగి పంచాను. కొత్త కమిటీకి, పాత కమిటీకి, దారిలో ఎదురైన ప్రతి లెక్చరర్‌కీ. చివరికి అమీనా మేడమ్ కూడా ఒకటి తీసుకుని, నిదానంగా నమిలి మింగి, అప్పుడు అడిగింది.

"స్కాలర్‌షిప్ ఏటేటా రెన్యూవల్ ఉంటుంది కదా. వచ్చే ఏడాది నీ కమిటీలో ఎవరిని కూర్చోబెట్టను?"

వెతగ్గా వెతగ్గా నా సున్నుండ తిననివాళ్ళు ముగ్గురు తేలారు. ముగ్గురూ షుగరున్న ప్రొఫెసర్లే. మరుసటి ఏడాది నా భవిష్యత్తు తేల్చింది వాళ్ళే.

అందుకని ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ కమిటీ ముందుకైనా ఉత్త చేతులూపుకుంటూనే వెళ్తాను. అమ్మ బలవంతంగా డబ్బా అంటగడితే, గేటు బయటే నిలబడి ఆఖరి సున్నుండ దాకా నేనే తినేస్తాను.