పసుపు జెండా ఉన్న ఫుట్‌నోటు

కాశీబుగ్గ బస్టాండు దగ్గర కుసుమ డీటీపీ షాపులో పెళ్లికార్డు వేయించుకోవాలంటే ముందు ఆవిడ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. పెదమావ పేరు ముందా, చినమావ పేరు ముందా? ఇంట్లో అలిగే అల్లుడెవరు? కార్డు అడుగున వచ్చే పేర్లలో ఎవరిదైనా చిన్నక్షరాల్లో పడితే ఊరుకుంటారా? పెళ్లికొడుకు పేరు మాత్రం ఆఖరున అడుగుతుంది. అతను ఎలాగూ అలగడని ఆవిడ లెక్క.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. షాపు పెట్టిన కొత్తలో ఒక మేనమామ పేరు అడుగున చిన్నగా కొట్టింది. ఆయన కార్డుల కట్ట తెచ్చి టేబుల్ మీద పడేసి, సాయంత్రం దాకా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. వచ్చిన ప్రతివాడికీ ఆ కార్డు చూపించాడు, అంతే. ఆ దెబ్బతో కుసుమకు అడుగున ఉండే చిన్నక్షరాలంటే గుండె దడ పట్టుకుంది.

అందుకే టెక్కలి నుంచి బాలకృష్ణ మాస్టారు పుస్తకం తెచ్చినప్పుడు మొదటి ప్రూఫు అలా తయారైంది. ఆయన కాలేజీలో తెలుగు చెబుతారు. ఉద్దానం తీరంలో మత్స్యకారులు వాడే మాటలన్నీ పోగుచేశారు. పేజీకి నాలుగైదు ఫుట్‌నోట్లు. కుసుమ వాటన్నిటినీ పైనున్న అక్షరాలంత సైజులోనే పేర్చేసింది. సగం పేజీ ఫుట్‌నోట్లే ఆక్రమించాయి.

"ఇదేమిటి కుసుమా, పైదేదో కిందదేదో తెలియడం లేదు!" అన్నారు మాస్టారు.

"కింద మాటలు సెప్పినోలు ఏటనుకుంతారో అని సారూ" అంది కుసుమ.

ఆయన పగలబడి నవ్వారు. అక్కుపల్లిలో ఢిల్లీరావనే ముసలాయన ఈ మాటల్లో చాలావాటిని చెప్పాడనీ, మాస్టారు ఆయన గొంతు ఫోనులో రికార్డు చేశారనీ, పోయినేడు ఆయన పోయాడనీ అప్పుడు తెలిసింది. కాగితం మీద వచ్చే పుస్తకం కాక, ఫోనుల్లో చదువుకోవడానికి పీడీఎఫ్ కూడా కావాలన్నారు. అందులో మాట పక్కన అంకెను తాకితే ఫుట్‌నోటు దగ్గరికి పోవాలి. అక్కడ ఇంకో లింకు నొక్కితే రికార్డింగు మోగాలి.

"రికార్డింగుల మధ్యలో ఇంటి మాటలేవో దొర్లాయి. వీలుంటే అవి కత్తిరించు" అని కూడా చెప్పి వెళ్లారు.

కుసుమ లింకులు పెట్టింది. పెట్టగానే ప్రతి లింకు చుట్టూ సాఫ్ట్‌వేరు దానంతటదే ఒక నీలం గడి గీసింది. జీడితోటకు ముళ్లకంచె వేసినట్టుందని విసుక్కుని ఆ గడులన్నీ తీసేసింది. మాస్టారు కోరినట్టే అంకెలు చిన్నగా, నల్లగా, ఒద్దికగా కూర్చున్నాయి. ఇంటి మాటలు మాత్రం కత్తిరించలేదు. తీరిక లేదని తనకు తాను చెప్పుకుంది గానీ, నిజానికి చెయ్యి రాలేదు.

పీడీఎఫ్ వెళ్లిన కొద్ది రోజులకు, ఓ మధ్యాహ్నం ఒక ముసలావిడ ఫోను కొంగులో చుట్టుకుని షాపు మెట్లెక్కింది.

"పుస్తకం రాసిన గుంటవి నువ్వేనేటమ్మా?"

"రాసింది సారు మామ్మా. నాను కొట్టినాను."

"నాను వరహాలమ్మని. ఢిల్లీరావు ఇంటిదాన్ని."

కుసుమ గబుక్కున లేచి కుర్చీ వేసింది. ఆవిడ మనవరాలు తనూజ శ్రీకాకుళంలో నర్సింగు చదువుతోందట. పుస్తకం ఫోనులో వేసి, అది ఈ షాపులోనే తయారైందనీ, అంకె మీద నొక్కితే తాత మాట్లాడతాడనీ చెప్పి బస్సెక్కేసిందట. వరహాలమ్మకు చదువు రాదు. ఎండుచేపలూ ఉప్పూ పట్టి మొద్దుబారిన బొటనవేలితో నొక్కితే ఒకసారి పేజీ ఎగిరిపోతుంది, ఒకసారి అక్షరాలు ఉబ్బిపోతాయి, ఒకసారి ఎవరికో ఫోను పోతుంది. ముసలాయన మాత్రం నోరు విప్పడం లేదు.

"పక్కింటోలని అడగనేకపోయినావా?" అంది కుసుమ.

"మొగుడి మాట ఇనాలని నలుగుర్నీ ఎలగడుగుతానే? సిగ్గు కాదేటి. ఒకసారితో పోయేదా? మల్లీ ఇనాలనిపిత్తాది. నాకు నానే ఏసుకోవాల."

ఒద్దికగా పెట్టానని మురిసిపోయిన ఆ అంకెలను చూస్తే ఇప్పుడు కుసుమకే ఒళ్లు మండింది. కంప్యూటరు ముందు కూర్చుని, ఢిల్లీరావు మాట ఉన్న ఫుట్‌నోటు పక్కన ఇంత లావు చేప బొమ్మ పెట్టి, లింకు దానికి తగిలించి చూపించింది.

వరహాలమ్మ వేలు పెట్టలేదు. "ఇదేం సేపే? మన సముద్రంలో నేదు. అయినా సేప ఎవులికైనా పడతాది. గుర్తు వలకుండాల గాని సేపకేటి?"

"వలకి గుర్తేటి మామ్మా?"

"ఏసిన వల మీద కర్రకి గుడ్డ కడతారు. ఇంటికో గుడ్డ. దూరం నుంచి సూసినా ఎవులి వల ఏదో తెలిసిపోద్ది. మాది పసుపుది. నా కోక సింపి కట్టీవోడు."

కుసుమ వెంటనే మాస్టారికి ఫోను చేసి, ఫుట్‌నోట్ల పక్కన జెండా బొమ్మలు పెడతానంది.

"జెండాలా? పుస్తకం పెళ్లికార్డులా తయారవుతుందేమో కుసుమా."

"ఫోను పుస్తకంలోనే సారూ. పసుపు జెండా. ఢిల్లీరావు తాత వలకి కట్టీదంట."

"చూశాను ఆ జెండా" అన్నారు ఆయన నెమ్మదిగా. "కొంచెం పెద్దదే పెట్టు."

కుసుమ కర్ర గీసింది, కర్రకు గుడ్డ గీసింది. రంగు కాస్త పాలిపోయినట్టుండాలని వరహాలమ్మ పక్కన నిలబడి దిద్దించింది. అంకెను తాకాల్సిన పని లేకుండా, జెండాలో ఎక్కడ వేలు పడినా గొంతు మోగేలా లింకు మార్చి, పుస్తకాన్ని మళ్లీ ఆవిడ ఫోనులో వేసింది.

వరహాలమ్మ అరచేత్తో పేజీలు తోస్తూ పోయింది. ఒకచోట టక్కున ఆగింది.

"ఇదిగో, మనది" అని బొటనవేలు ఆనించింది.

ఢిల్లీరావు గొంతు షాపంతా నిండింది. తూరుపు గాలి తిరిగితే కవళ్ల చేపలు ఎటు మళ్లుతాయో తాపీగా చెబుతున్నాడు. పెళ్లికార్డుల కోసం వచ్చి కూర్చున్న ఇద్దరు తలలు తిప్పి చూశారు. వరహాలమ్మ ముఖంలో ఏడుపు లేదు, నవ్వు లేదు. ఫోనుకేసి చూస్తూ తలాడిస్తోంది, రోజూ వినే సంగతే అన్నట్టు. ఇంతలో ఆ గొంతు గాలినీ కవళ్లనూ వదిలేసి, పక్కకు తిరిగి కేకేసింది.

"ఓలి వరహాలూ! సారుకి టీ ఎట్టినావేటి?"

వరహాలమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"ఎడతన్నాను, ఉండహె" అంది.