సరస్సు ఒడ్డున సాక్ష్యం

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, దోహాలో ఉండే మాకు అనుమానం ఒక అదనపు జ్ఞానేంద్రియం. ఏజెంటు నవ్వును నమ్మి ఒకసారి విమానమెక్కినవాళ్ళం కదా, ఆ తర్వాత ఎవరు నవ్వినా ముందు జేబు తడుముకునేవాళ్ళం. అలాంటి నాతో, ఆఫీసులో పక్క బల్ల దగ్గర డ్రాయింగులు గీసే చిలీ ఆయన ఒకరోజు, "ఈ సెలవుకి మా ఊరు వెళ్ళిరా. సరస్సులున్నాయి, పడవ ఉంది, అడవిలో నడవచ్చు. టికెట్ నేను కొంటాను," అన్నాడు. తనకు సెలవు దొరకలేదట. "మా అమ్మ నా ఉత్తరాలకు జవాబు రాయడం మానేసింది. నువ్వొకసారి ఆమెకు కనబడితే చాలు," అని కూడా అన్నాడు. నేను కనబడినంత మాత్రాన ఆనందించిన తల్లులు అప్పటిదాకా ఎవరూ లేరు. (మా అమ్మతో కలిపి.)

శుక్రవారం మధ్యాహ్నం మదీనత్ ఖలీఫాలోని మా విల్లా వెనక గదిలో పప్పుచారు ముందు పెట్టుకుని సభ జరిగింది. నా గదిలో ఉండే గుంటూరు అకౌంటెంటుని అందరం మామయ్య అనేవాళ్ళం. చిలీ ఆయన నాకిచ్చిన వాళ్ళ ఊరి ఫోటోను మామయ్య వెలుతురుకి ఎత్తి చూశాడు. "కొండ నెత్తిన మంచూ, కింద నీలంగా నీళ్ళూ, రెండూ ఒకే ఫోటోలోనా? అతికించాడ్రా! అయినా టికెట్ ఫ్రీ, తిండి ఫ్రీ అంటున్నాడంటే, నీ దగ్గర అంత విలువైందేముందో ఆలోచించావా?" నేను వాచీ చూసుకున్నాను. "అది కాదురా, కిడ్నీలు!" లేబర్ క్యాంపు నుంచి భోజనానికొచ్చే నిజామాబాద్ అన్న నిదానంగా తలూపాడు. "ఊకెనే టికెట్ ఎవడు కొంటడు తమ్మీ? మా ఏజెంటు గూడ గిట్లనే తియ్యగ మాట్లాడిండు. ఆఫీసు పని అన్నడు, ఈడికొచ్చినంక పార చేతికిచ్చిండు."

అయినా సెలవు కాగితం మీద సంతకం పెట్టాను. ధైర్యం వల్ల కాదు, ఆ నీలం వల్ల. ఏడాదిగా నేను చూసిన చల్లటి నీలం మా ఏసీ మీది స్టిక్కరొక్కటే.

ప్రయాణం ముందు చిలీ ఆయన టేపు చుట్టిన అట్టపెట్టె ఒకటి ఇచ్చి, "అమ్మకు. తెరవకు," అన్నాడు. గల్ఫ్‌లో సెలవుకి వెళ్ళేవాడు సగం మనిషి, సగం తపాలా బండి. పార్సెల్ మోయడం ధర్మం, విప్పడం పాపం. ఆ పాపాన్ని ముగ్గురం సమానంగా పంచుకున్నాం. లోపల జాము సీసా నిండా ఇసుక, అర్థం కాని స్పానిష్ ఉత్తరం, ఆఫీసులో తీసిన నా ఫోటో. మామయ్య ఇసుకను నాలుక చివర పెట్టుకుని, "ఇసకే," అన్నాడు, "కానీ ఎందుకు?" నిజామాబాద్ అన్న నా ఫోటో చేతికి తీసుకుని, "గుర్తువట్టనీకి," అన్నాడు. ఎవరూ ఇంకో ముద్ద తినలేదు. టేపు మళ్ళీ అంటించాం.

మూడు విమానాలు, ఒక బస్సు. దిగి చూస్తే సరస్సు ఫోటోలో ఉన్నట్టే ఉంది, కొండ నెత్తిన మంచుతో సహా. నేనింకా అతుకు కోసం వెతుకుతూనే ఉన్నాను. ఆయన తల్లి మపూచే ఆవిడ. ఆ సరస్సుల చుట్టూ స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న జనం. ఒకే గొట్టంతో ఇంటిల్లిపాదీ పీల్చే ఆకు కషాయం నాకందించింది. ఎత్తి పోసుకుందామంటే గొట్టంతో అది కుదరదు. (కిడ్నీల గొడవలో మామయ్య ఎంగిలి సంగతి హెచ్చరించనే లేదు.) తర్వాత పెట్టె అందుకుని టేపును వేలితో తడిమి ఏదో అడిగింది. పంతులమ్మగా పనిచేసే ఆయన చెల్లెలు ఇంగ్లీషులో చెప్పింది: "తెరిచావా అంటోంది." ఒప్పుకున్నాను. ముసలావిడ మొదటిసారి నవ్వింది. "మంచిది. తెరవకుండా తెచ్చేవాడి సాక్ష్యం నాకక్కర్లేదు."

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఒక్క ఏరూ, ఒక్క సరస్సూ లేని దేశం ఉంటుందంటే ఆవిడ నమ్మలేదు. పైగా ఉత్తరాల మీద వీధి లేదు, ఇంటి నంబరు లేదు, ఉత్త పోస్టు బాక్సు. కొడుకు జైల్లో ఉండి అబద్ధాలు రాస్తున్నాడని తేల్చుకుంది. ఆ ఇసుకకూ, అతని స్వేచ్ఛకూ సాక్షిని నేను.

మర్నాడు పడవ ఎక్కేముందు ఆవిడ నీళ్ళతో ఏదో మెల్లగా మాట్లాడింది. ప్రతి నీటికీ ఒక యజమాని ఉంటాడట, అడగకుండా దిగకూడదట. నన్నూ నా భాషలో అడగమంది. "దిగమంటారా అండీ?" అన్నాను. సరస్సు కాదనలేదు. "మీరుండే చోట ఎవరినడుగుతారు?" అంది. "అక్కడ సముద్రపు నీళ్ళనే ఫ్యాక్టరీలో మంచినీళ్ళు చేస్తారమ్మా, అడగక్కర్లేదు. దేశం వదిలి బయటికి రావాలంటేనే కఫీల్‌ని, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానిని, అడగాలి," అన్నాను. చెల్లెలు దాన్ని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ వెంట తెచ్చుకున్న ఇసుక సీసాను ఒళ్ళోకి తీసుకుంది. "అయితే వాడు రానిది వాడి తప్పు కాదన్నమాట," అంది. తిరుగు ప్రయాణంలో నా చేతిలో ఆవిడ రాసిన ఉత్తరం, అదే సీసా నిండా సరస్సు నీళ్ళు.

దోహా కస్టమ్స్ అతను సీసా వాసన చూశాడు. "ఏంటిది?" "సరస్సు." మద్యం పట్టుకోవడమే పనిగా ఉన్న మనిషి అలాంటి జవాబు నమ్మడు; నేనైనా నమ్మను. తాగి చూపించమన్నాడు. "అనుమతిస్తారా అండీ?" అని తెలుగులో సీసానడిగి రెండు గుక్కలు తాగాను. "యల్లా," అని వదిలేశాడు. చిలీ ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకుని, తగ్గిన నీళ్ళవైపు చూసి, "తెరిచావా?" అన్నాడు. ఆ కుటుంబం అడిగే ప్రశ్న అదొక్కటే.

ఇప్పుడు నాకు వయసు మీద పడింది, కిడ్నీలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. ఊరికే రమ్మని పిలిచేవాళ్ళే లేరు. మనసారా అనుమానించడానికి ఒక్కడైనా వచ్చి నవ్వితే బావుణ్ణనిపిస్తుంది.