మామ పంచెలకు నేను పెట్టిన శీర్షిక

మొన్న మా చిన్నమ్మాయి తన పచ్చళ్ల వెబ్‌సైటులో కొత్త పేజీకి శీర్షిక కావాలని ఫోనుని అడిగితే, అది రెప్పపాటులో పది శీర్షికలు ఇచ్చేసింది. ముఖ్యమైన మాట ముందుంది, పొడవు సరిపోయింది, వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నానే గానీ, మనసు మాత్రం పొందూరు వెళ్లి మా మేనమామ ఇంటి అరుగు మీద వాలింది.

మన ఈడువాళ్లకు ఇంటర్నెట్ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. అరసవల్లి దారిలో అలాంటి ఒకదానిలో పనిచేస్తూ, వచ్చీరాని విద్యతో వెబ్‌సైట్లు కట్టేవాణ్ణి. మామ మగ్గం మీద ఖద్దరు పంచెలు, తువ్వాళ్లు నేసేవాడు. అత్త వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, నూలు వడికేది. ఆ రాట్నం చప్పుడు వింటూ నిద్రపోయిన మధ్యాహ్నాలు ఎన్నో, ఇప్పటికీ ఫ్యాను కిర్రుమంటే ఒక్కోసారి అక్కడే ఉన్నాననుకుంటాను. కొనేవాళ్లు తగ్గిపోయి, వచ్చే వేసవి దాటితే మగ్గం విప్పేస్తానని మామ తేల్చేశాడు. మగ్గం ఆగితే రాట్నమూ ఆగుతుంది గనక, అత్త మాట్లాడడమే మానేసింది. ఆ దిగులు చూడలేక వాళ్ల పంచెలకు నేనొక వెబ్‌సైటు కట్టాను.

శీర్షిక దగ్గరే పప్పులో కాలేశాను. మా ఇళ్లలో శుభలేఖైనా, సరుకుల చీటీ అయినా పైన దేవుడి పేరు లేకుండా మొదలవదు. మామ చెప్పినట్టే ప్రతి పేజీ శీర్షికలోనూ ముందు శ్రీ సూర్యనారాయణస్వామి వారి కృపతో అని, ఆ వెనక తాతగారి పేరు, మామ పేరు, చిట్టచివర పంచెల సంగతి పేర్చాను. ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు శీర్షిక కొంతమేర కనిపించి తెగిపోతుంది కదా, మాది స్వామి వారి కృప దాటి ముందుకు రాలేదు. నెలలు గడిచినా ఒక్కరూ అడగలేదు.

సంగతి అర్థమై, దేవుడి పేరు శీర్షికలోంచి తీయాలని నసుగుతూ చెబితే మామ ముఖం తిప్పుకున్నాడు. అన్నాళ్లూ పెదవి విప్పని అత్త, పత్తి దువ్వుతూనే అంది: "మనమెవులమో దేవుడికి తెల్దేటి? తెలీనోలికి ముందు సెప్పు. మన గుమ్మంలోకొచ్చినోలు ఏటడుగుతారు? పొందూరు సన్నపంచె ఉన్నాదా అనే కదా. అదే రాయి."

అదే రాశాను. పొందూరు సన్ననూలు ఖద్దరు పంచె, చేత్తో వడికి నేసినది. తువ్వాళ్ల పేజీకి తువ్వాళ్లనే విడిగా రాశాను. స్వామి పేరు పేజీ లోపల పైన పెడితే, మామ కంప్యూటరుకే దణ్ణం పెట్టుకున్నాడు. వానలు మొదలయ్యేసరికి, ఎక్కడో దూరాన ఉన్న ఒక మాస్టారు సరిగ్గా ఆ మాటలే వెతికి మమ్మల్ని చేరానని మెయిలు రాశారు. ఆయన వెనక మరికొందరు వచ్చారు. మామ ఉన్నన్నాళ్లూ ఆ మగ్గం ఆగలేదు.

ఇప్పుడు గుమ్మంలో మనిషి అడిగింది విని శీర్షిక రాసే అవసరం ఎవరికీ లేదు, అందుకు నాకు బాధా లేదు. అమ్మాయి లేచి వెళ్లాక, ఆ ఫోనులోనే మా అత్త పేరు కొట్టి వెతికాను. ఎవరెవరో వచ్చారు, అత్త రాలేదు. తాతగారి పేరూ మామ పేరూ అంత పొడుగున పేర్చిన నేను, తెలియనివాళ్లకు ముందు చెప్పమన్న మనిషి పేరు ఒక్క పేజీలోనైనా రాయలేదు.