బాపు బొటనవేలూ, బాబిన్ పళ్లూ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. పంతొమ్మిదేళ్లు. ఇంటర్ పాసై, డిగ్రీలో చేరి, మొదటి ఏడాదే రెండు సబ్జెక్టులు పోగొట్టుకుని, కుట్టుపని నేర్చుకుంటానని ఇంట్లో ప్రకటించి, రోజూ పొద్దున కొండపాకలో బస్సెక్కి సిద్దిపేటలో ఒక లేడీస్ టైలర్ దగ్గరికి వెళ్లేదాన్ని. ఆమెను గల్లీ అంతా టైలరక్క అనేది, నేను ఉత్త అక్కా అనేదాన్ని. లోకంలో అన్నీ తెలిసిన నాకు జాకెట్టుకు చెయ్యి అతికించడం ఒక్కటే తెలియదు. (కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేసి, "ఇది కొత్త మోడల్ అక్కా" అని వాదించిన రోజు కూడా ఉంది. అక్క ఆ జాకెట్టు నాకే తొడిగి, సాయంత్రం దాకా అట్లాగే కూర్చోబెట్టింది.)

ఆ షాపు వెనకగదిలో, కత్తిరించగా మిగిలిన గుడ్డపీలికల సంచి ఒకటి ఉండేది. ఎక్కడిదో ఒక చారల పిల్లి అందులో నాలుగు పిల్లలు పెట్టింది. పది రోజులకు వాటి కళ్లు తెరుచుకున్నాయి. మూడు వారాలకు తాగినవాళ్లలా తూలుతూ సంచి బయటికొచ్చాయి. నాలుగో వారం మొదలయ్యేసరికి ఒకదానిమీద ఒకటి పడి దొర్లడం, తల్లి తోకను పామనుకుని ఎగబడటం, వీపు విల్లులా వంచి అడ్డంగా గెంతడం, ఉన్నట్టుండి తామెందుకు గెంతామో మరిచిపోయి కూలబడి నిద్రపోవడం. అక్క దారపు ఉండలన్నీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "దారం మింగితే పాణం పోతది బిడ్డా, గా నేల మీద ఒక్క పోగు కనవడ్డా నీ సంగతి జెప్త" అంది. నేను మిషన్ ముందు కూర్చుని పెడల్ తొక్కుతున్నట్టు నటిస్తూ మెడ వెనక్కి తిప్పి వాటినే చూసేదాన్ని. ఆ నెలలో నేను కుట్టిన వాటిలో తిన్నగా వచ్చిన కుట్టు ఒక్కటీ లేదు.

నాలుగింటిలో బూడిదరంగుది ఒకటి నా ప్రాణమైపోయింది. మిషన్‌లో దారం చుట్టే ఖాళీ బాబిన్ ఒకటి దొర్లితే దాని వెంట తనూ దొర్లిపోయేది కాబట్టి బాబిన్ అని పేరు పెట్టాను. దాన్ని ఇంటికి తీసుకెళ్తానంటే అక్క ఒప్పుకోలేదు.

"నెల గూడ నిండలేదే దానికి. ఇంకో నెల తల్లి కాడ ఉండనీ."

"పాలు నేను తాపుత గదక్కా. అన్నం గూడ తింటుంది."

"పాల కోసం గాదు పిచ్చిదానా. గవి నాలుగు కొట్లాడుకుంట ఉంటయి సూడు, గా కొట్లాట కోసం."

కొట్లాటలేని చోటికి తీసుకెళ్తుంటే మంచిదే కదా అని నేను వాదించాను. మూడు రోజులు వాదించాను. నాలుగో రోజు అక్క విసిగిపోయి, "తీస్కపో, పో. మల్ల నన్ననకు" అని చేతులెత్తేసింది. బాబిన్‌ను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, జిప్పు సగం తెరిచి, పెద్ద ఘనకార్యం చేసిన మనిషిలా బస్సెక్కాను.

ఇంట్లో దానికి తోడు ఎవరూ లేరు. ఆడుకోవడానికి నా చెయ్యి తప్ప ఇంకేమీ లేదు. నా వేళ్లమీద దూకేది, రెండు ముందుకాళ్లతో మణికట్టు పట్టుకుని వెనకకాళ్లతో తన్నేది, సూదుల్లాంటి పళ్లు దించేది. నేను "అబ్బో, ఎంత కోపమే నా బంగారానికి!" అని మురిసిపోయి రెండో చెయ్యి కూడా ఇచ్చేదాన్ని. రెండు వారాలు గడిచేసరికి నా చేతులు ముళ్లకంచె దూకిన మనిషి చేతుల్లా తయారయ్యాయి. చీర కుచ్చిళ్లు కదిలితే అవ్వ మడమ పట్టేది (మా ఇంట్లో అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు). అవ్వ ఇంట్లో కాళ్లు ఎత్తెత్తి వేస్తూ నడవడం నేర్చుకుంది. "ఏందే గిది, పిల్లా, పులా? నా ఇంట్ల నేను దొంగ లెక్క నడుస్తున్న" అని రోజూ గొణిగేది. బాపు మాత్రం నవ్వేవాడు. "చిన్న పాణం, దానికేం దెలుసు" అనేవాడు.

మా బాపు తాళ్లు గీసేవాడు. పొద్దునా సాయంత్రం తాటిచెట్లెక్కి కల్లు దించడం ఆయన పని. మోకుతాడు నడుముకు బిగించుకుని పాదాల బలంమీద అంతెత్తు చెట్టు ఎక్కే మనిషికి కాలివేళ్లే ఆధారం. ఒకరోజు పొద్దున గడపమీద కూర్చుని మోకు సవరిస్తున్నాడు. పనిలో పడితే ఆయన కుడికాలి బొటనవేలు దానంతటదే ఆడుతుంటుంది. బాబిన్ తలుపు చాటున నక్కి, పిర్రలు రెండుసార్లు ఊపి, ఎగిరి దూకింది. బాపు అరుపుకు పక్కింటివాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. బొటనవేలి పక్కన నాలుగు పళ్లూ దిగాయి. మధ్యాహ్నానికి వేలు వాచింది. సాయంత్రం చెట్టెక్కడానికి మా చిన్నాయనను పిలవాల్సి వచ్చింది. అవ్వ నావైపు చూసి ఒకటే మాట అంది: "రేపు నువ్వన్న ఇంట్ల ఉండాలె, అదన్న ఉండాలె."

మర్నాడు బాబిన్‌ను బ్యాగులో పెట్టుకుని సిద్దిపేట బయల్దేరాను. దారిలోనే కదా అని బాపును ముందు దవాఖానకు తీసుకెళ్లాను. ఆకాశంలో గాలికి ఊగే చెట్టుమీద నిలబడి పాట పాడుకునే మా బాపుకు సూది అంటే వణుకు. పైగా క్యూలో సగంమంది ఆయన దగ్గర కల్లు తాగేవాళ్లే.

"ఏం కరిసిందే అన్నా?" అంది నర్సు.

"పిల్లి" అన్నాడు బాపు, చాలా చిన్నగా.

"ఎంత పిల్లి?"

బాపు ఒకసారి క్యూ వైపు చూశాడు. రెండు చేతులూ చాపి, మేకపిల్లంత కొలత చూపించి, "గింతుంటది. అడివి జాతి" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా బ్యాగు జిప్పులోంచి అరచేతిలో పట్టేంత తల ఒకటి బయటికొచ్చి, "మీ" అంది. మ్యావ్ అనడం కూడా దానికి ఇంకా పూర్తిగా రాదు. క్యూ మొత్తం గోడలు పట్టుకుని నవ్వింది. నర్సు నవ్వు ఆపుకుంటూనే సూది వేసి, ఇంకా మూడుసార్లు రావాలని చెప్పింది. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు సూదికా, పరువుకా అని నేనిప్పటికీ అడగలేదు. నేను మాత్రం తర్వాత బస్సెక్కి సిద్దిపేట దాకా ఏడుస్తూనే ఉన్నాను. బాపు వేలు అట్లా అయినందుకు కొంత, బాబిన్‌ను వదిలేస్తున్నందుకు ఎక్కువ.

అక్క "జెప్పిన గదా" అనలేదు. అని ఉంటే బాగుండేది. తల్లిపిల్లి మాత్రం తన బిడ్డనే చూసి బుస్సుమంది. మా ఇంటి వాసన కొట్టిందేమో. అక్క సంచిలోని పీలికతో బాబిన్‌ను ఒళ్లంతా తుడిచి ఒక మూల వదిలింది. రెండోరోజుకు బుసలు తగ్గాయి, మూడోరోజుకు ఆట మొదలైంది. బాబిన్ తన పద్ధతిలోనే వెళ్లి నల్లపిల్ల చెవి గట్టిగా కొరికింది. అది కీచుమని అరిచి, విడిపించుకుని, వెళ్లి మిషన్ కింద అటు తిరిగి కూర్చుంది. బాబిన్ బిత్తరపోయింది. కొరికితే ఆట ఆగిపోవడం దానికి అదే మొదటిసారి. మా ఇంట్లో కొరికితే ఇంకో చెయ్యి దొరికేది కదా! తర్వాత తెల్లపిల్లను కొరికితే అది తిరిగి కొరికింది. తల్లి తోక కొరికితే నెత్తిమీద ఒక్కటి పడింది. రోజులు గడిచేకొద్దీ పట్టు వదులైంది, గోళ్లు లోపలికి వెళ్లాయి. ఒకటి కింద పడితే రెండోది ఆగేది, తర్వాత రెండోది తానే కింద పడేది. "సూసినవా, గదీ కొట్లాట" అంది అక్క. నేను తల వంచుకుని, విచిత్రంగా ఆ రోజు జాకెట్టుకు చెయ్యి సరిగ్గా అతికించాను.

ఆఖరి సూది అయిన రోజు బాపు ఏదో పనిమీద సిద్దిపేట వచ్చి షాపుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు కానీ కాళ్లు రెండూ పైకి ముడుచుకున్నాడు. బాబిన్ వచ్చి స్టూలెక్కింది. ఆయన దడుచుకుని చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతిని రెండు కాళ్లతో పట్టుకుని నోట్లో పెట్టుకుంది. బాపు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"దీనికి పండ్లూడినయా?"

"ఊడలేదన్నా. ఎంత గట్టిగ వట్టాల్నో నేర్సుకుంది" అంది అక్క.

బాపు చాలాసేపు చెయ్యి తీసుకోలేదు. తర్వాత నావైపు చూసి, "బ్యాగు తెచ్చినవా బిడ్డా? మీ అవ్వకు నేన్జెప్త" అన్నాడు.

బాబిన్ మా ఇంట్లో చాలా ఏళ్లు బతికింది. ఇప్పుడు లేదు. అక్క పని మానేశాక ఆ షాపు నేనే నడుపుతున్నాను. మొన్న ఒకావిడ కోపంగా వచ్చి గుమ్మంలోనే నిలబడి, "రేపు ఫంక్షన్ ఉంది, నా జాకెట్టు అయ్యిందా, లేదా?" అని గద్దించింది. నేను మిషన్ ఆపేసి, మెడ వెనక్కి తిప్పి, ఈ ఏడాది పుట్టిన మూడు పిల్లిపిల్లల్ని చూస్తూ కూర్చున్నాను. "ఒక్క నిమిషమక్కా" అన్నాను. నేనెటు చూస్తున్నానో చూడటానికి ఆవిడ తొంగిచూసింది. కాసేపాగి చెప్పులు విడిచి లోపలికొచ్చి, నా పక్కన కింద కూర్చుంది. జాకెట్టు సంగతి మా ఇద్దరికీ చీకటిపడే వేళకు గుర్తొచ్చింది.