మస్కట్‌లో పరిచిన సకినాలు

ఇందుమూలముగా బంధుమిత్రులందరికీ తెలియజేయునది ఏమనగా: ఈ క్రిస్మస్‌కు మా ఇంటి సకినాలు వంకరగా ఉండును. చూసి ఎవరూ నవ్వరాదు. నవ్వినవారికి చాయ్ పోయబడదు. ఎందుకనగా, వాటిని గుండ్రంగా చుట్టే మా పెద్దవ్వ, అంటే మా అమ్మకు అక్క, మొన్న లక్సెట్టిపేటలో కన్నుమూసింది.

ఫోన్ వస్తే మొదట నమ్మలేదు. మా ఇంట్లో అబద్ధాలు చెప్పే పని నాది.

పెద్దవ్వది బొగ్గుబాయి కుటుంబం. పెనిమిటి బాయి దిగినన్నాళ్ళు కంపెనీ క్వార్టర్లో ఉండి, ఆయన పోయాక లక్సెట్టిపేట చేరింది. పిల్లలు తలో దేశం. పెద్ద కొడుకు దుబాయి, చిన్న కొడుకు లండన్, బిడ్డ మస్కట్‌లో నర్సు. కొడుకులిద్దరికీ మాటల్లేవు. తండ్రి సమాధి రాయి మీద పెద్దోడి పేరుంది, చిన్నోడి పేరు లేదు. అంతే, అక్కడ చెడింది.

"నన్ను పెట్టెల వెట్టి మోసేటప్పుడు చెరో దిక్కు గుంజుతరేమోరా" అనేది పెద్దవ్వ నాతో. నవ్వుతూనే అనేది. అని కొంగుతో ముక్కు తుడుచుకునేది.

ఒక క్రిస్మస్‌కు అందరూ మస్కట్‌లో బిడ్డ ఇంట్లో కలవాలని ఆమే పట్టుబట్టింది. తోడుకు నన్ను తీసుకుపోయింది. విమానంలో కూర్చోగానే ఎయిర్‌హోస్టెస్‌ను చూపించి, "పెద్దవ్వా, ఉక్కపోస్తే కిటికీ తెరువుమని గా పిల్లనడుగు" అన్నాను. ఆమె ఆ పిల్లను పిలవనే పిలిచింది. నన్ను చూపించి, "గీ పిలగాడు మొదటిసారి ఎక్కిండు బిడ్డా, భయపడుతుండు, జర చూసుకో" అంది. ఆ పిల్లకు ఏం అర్థమైందో గానీ, దిగేదాకా నాకు చాక్లెట్లు ఇస్తూనే ఉంది. అప్పటికే యాభై దాటిన పిలగాణ్ణి నేను.

మస్కట్‌లో అన్నదమ్ముల్లో ఒకరు హాల్లో ఉంటే ఇంకొకరు లోపలి గదిలో. పండుగ ముందురోజు పొద్దున పెద్దవ్వ ఇద్దరినీ బాల్కనీలోకి తోలింది, కాగితపు నక్షత్రం కట్టమని.

"పెద్దోడు స్టూలెక్కాలె, చిన్నోడు పట్టుకోవాలె."

మాటల్లేకుండా నక్షత్రం కట్టడం మామూలు సంగతా? చాలాసేపు పట్టింది. ఈలోగా పెద్దవ్వ హాలంతా తెల్ల బట్టలు పరిచింది. పట్టించిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలుపుకుని, బాల్కనీ గడప దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ సకినాలు చుట్టుకుంటూ వచ్చింది. వాళ్ళిద్దరూ ఇటు తిరిగేసరికి కాలు పెట్టే జాగా లేదు.

"అవ్వా, గిదేందే! మేమెట్ల రావాలె?" అన్నాడు పెద్దోడు.

"ఆరినంక రాండ్రి. పచ్చి సకినం తొక్కితె కాళ్ళిరగ్గొడుత."

అని, వంటింటి గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగి కన్నుగీటింది.

బాల్కనీలో ఉన్నది ఒక్కటే స్టూలు. కాసేపు ఇద్దరూ నిలబడే ఉన్నారు. చివరికి పెద్దోడు కూర్చుని, ఓ పక్కకు జరిగాడు.

"కూసోరాదు తమ్మీ."

"రాయి మీద లేని జాగ స్టూలు మీద ఉన్నదా?"

"చెక్కెటోడు మరిచిండురా. చెప్దామని ఫోన్ జేస్తె నువ్వు ఎత్తకపోతివి."

"ఇంకోసారి జెయ్యరాదు?"

పెద్దోడు తల వంచుకున్నాడు. "చెయ్యాల్సుండె" అన్నాడు. చిన్నోడు పక్కన కూర్చుంటే స్టూలు కిర్రుమంది. సకినాలు ఆరాక పిలిచినా ఇద్దరూ లోపలికి రాలేదు. గోడవార ఆరినవాటిని ఎత్తి, నేనే అటుగా పోయి చాయ్ అందించాను.

మొన్న కొడుకులు వచ్చేదాకా పెద్దవ్వను మట్టి చేయకుండా ఆపాం. పెట్టెను ముందువైపు వాళ్ళిద్దరే మోశారు. పెద్దోడు పొడుగు, చిన్నోడు పొట్టి. పెట్టె ఒక దిక్కు ఒరగకుండా, తమ్ముడి భుజానికి సమంగా, దారి పొడుగునా పెద్దోడు మోకాళ్ళు వంచుకునే నడిచాడు.

కన్నుగీటిందని రాశాను కదా, అది నా కల్పన. ఆమె కూడా నాలాంటి కొంటె జాతిదే అని చెప్పుకోవాలని ఆశ. కొడుకులను అలా బాల్కనీలో ఇరికించడం ఉపాయమో, పనిలో పడి వాళ్ళను మరిచిపోయిందో ఇప్పటికీ తెలియదు. అడగాలనుకుంటూనే ఉండిపోయాను. ఆమె ఆ పొద్దున అసలు తలే ఎత్తలేదు. వేళ్ళ సందుల్లోంచి పిండిని వదులుతూ, ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుంటూ, మెల్లగా వెనక్కి జరుగుతూనే ఉంది.